హస్కీయా, ల్యాబ్రడారా, నాటుకుక్కా: డెల్టాలో పిల్లలున్న ఇంటికి మొదటి కుక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి. గోదావరి డెల్టాలో పాలకొల్లు పక్కన సొంత ఇల్లు, చుట్టూ ప్రహరీ, వెనక కొంచెం పెరడు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్న ఎనిమిదిన్నరకు ఉద్యోగాలకు వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తారు. పాపకి 9 ఏళ్లు, బాబుకి 5. పగలు ఇంట్లో ఉండేది నాయనమ్మగారు ఒక్కరే. పిల్లలు హస్కీ కావాలంటున్నారు, మీకు ల్యాబ్రడార్ మీద మనసుంది, వేసవి సెలవుల్లో తెద్దామనుకుంటున్నారు.

సూటిగా చెప్తాను. హస్కీ వద్దు. ల్యాబ్రడార్ మంచి కుక్కే గానీ బాబు ఇంకాస్త పెద్దయ్యేదాకా మీ ఇంటికి నప్పదు. మీకు సరిపడేది ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య వయసున్న, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడ నాటుకుక్క. అలాంటిది దొరక్కపోతే ఫిబ్రవరిలో తెచ్చుకున్న నాటుకుక్క పిల్ల. వేసవి సెలవుల్లో మాత్రం ఏ పిల్లనూ తేవద్దు.

జాతి గురించి మాట్లాడే ముందు ఇంట్లో గంటలు లెక్కపెట్టుకోవాలి. రెండు నెలల కుక్కపిల్ల రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్రపోతుంది, కానీ ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. లేచిన ప్రతిసారీ, తిన్న ప్రతిసారీ, ఆడిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని పెరట్లోకి తీసుకెళ్లాలి. ఎన్ని నెలల పిల్లో ఆ అంకెకు ఒకటి కలపండి, మహా అయితే అన్ని గంటలే అది మూత్రం ఆపుకోగలదు. రెండు నెలల పిల్లయితే మూడు గంటలు. రాత్రి కనీసం ఒకసారి మీరు లేవాలి. మూడు నెలలు నిండేదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు తిండి పెట్టాలి. అదే పెద్ద కుక్కయితే రోజుకు రెండుసార్లు తిండి, పొద్దున్న అరగంట, సాయంత్రం అరగంట నడక, పది పదిహేను నిమిషాల ఆట, శిక్షణ. ఇంట్లో ఒంటరిగా నాలుగైదు గంటలు ఇబ్బంది లేకుండా ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి పెద్ద కుక్కే మేలనడానికి ఇదే మొదటి కారణం.

రెండో లెక్క నాయనమ్మగారిది. కుక్క పేరుకు పిల్లలది, పగలంతా మాత్రం ఆవిడది. ఆవిడ మనస్ఫూర్తిగా సరే అనకపోతే ఈ ఆలోచన ఇక్కడే ఆపేయండి. మొహమాటానికి ఒప్పుకుంటే మూడో నెలకల్లా కుక్క గొలుసుతో జామచెట్టుకు కట్టేసి ఉంటుంది. రోజంతా కట్టేసిన కుక్కకు పారిపోయే దారి ఉండదు, అందుకే దగ్గరికొచ్చిన వాళ్లను కరవడం నేర్చుకుంటుంది. ఆవిడను అడగాల్సినవి ఇవి: మోకాళ్ల నొప్పులున్నాయా, పాతిక కిలోల కుక్క కాళ్లకు అడ్డం పడితే నిలదొక్కుకోగలరా, వంటింట్లోకీ దేవుడి గదిలోకీ కుక్క రాకూడదంటారా? రాకూడదంటే ఆ మాట మీద గొడవ పడాల్సిన పని లేదు. ఆ రెండు గుమ్మాలకు నడుము ఎత్తు కటకటాల తలుపు పెట్టించండి. మొదటి రోజు నుంచీ ఆ గీత దాటనివ్వకపోతే కుక్క రెండు మూడు వారాల్లో నేర్చేసుకుంటుంది. పిల్లలు ఒకరోజు రానిచ్చి, ఆవిడ ఇంకో రోజు తరిమితే ఎప్పటికీ నేర్చుకోదు.

ఇక మన వాతావరణం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చినప్పుడు నోట్లోంచి ఆవిరయ్యే తడే దాన్ని చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి ఆవిరవదు. అందుకే సముద్రపు తడిగాలి ఆడే డెల్టాలో 38 డిగ్రీల ఎండ కూడా కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. హస్కీకి రెండు పొరల బొచ్చు, మంచు ప్రాంతంలో బండి లాగడానికి పుట్టిన ఒళ్లు. ఏసీ గదిలో పెడతామంటారు, కరెంటు పోయిన రోహిణీ కార్తె మధ్యాహ్నం ఏం చేస్తారు? పైగా దానికి రోజూ గంటా రెండు గంటల పరుగు కావాలి. అది దొరక్కపోతే గోడ దూకుతుంది, పెరడంతా తవ్వుతుంది, ఊళ పెడుతుంది. బొచ్చు గొరిగిస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. గొరిగితే చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది, బొచ్చు మళ్లీ సరిగా రాకపోవచ్చు కూడా. సెయింట్ బెర్నార్డ్‌కూ ఇదే మాట. పగ్, షీ జూ లాంటి చప్పిడి ముక్కు జాతులది ఇంకో బాధ. ముక్కు, గొంతు దారి ఇరుకు కాబట్టి వగర్చడమే కష్టం. షీ జూకి రోజూ పావుగంట దువ్వెన పని ఉంటుంది, తప్పితే మన తేమకు చెవుల్లో, వేళ్ల సందుల్లో ఫంగస్ పడుతుంది.

ల్యాబ్రడార్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్వభావం మంచిది, పిల్లలంటే ఓర్పు ఎక్కువ. కానీ పెద్దయితే 25 నుంచి 36 కిలోలు. మీ బాబు 16, 18 కిలోలు ఉంటాడేమో. ల్యాబ్‌కు ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల దాకా ఒళ్లు పెద్దది, బుద్ధి పసిది. ప్రేమతో మీద దూకినా బాబు గచ్చు మీద వెల్లకిలా పడతాడు, నాయనమ్మగారు పడితే తుంటి విరుగుతుంది. దానికి తోడు తిండి యావ. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు కడుపు నిండిన సంగతి తెలియనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గుర్తించారు. ఇంట్లో నలుగురూ తలో ముద్ద పెడితే మూడేళ్లకల్లా నలభై కిలోలై, తుంటి కీళ్లు అరిగి మెట్లెక్కలేకపోతుంది. బాబుకి ఎనిమిదేళ్లు దాటాక, పొద్దున్నే గంట నడిపించే మనిషి ఇంట్లో ఉంటే అప్పుడు ల్యాబ్ తెచ్చుకోండి. గోల్డెన్ రిట్రీవర్ స్వభావం దాదాపు ఇదే, బొచ్చు ఇంకా ఎక్కువ కాబట్టి మన ఎండలకు ఇంకొంచెం తక్కువ నప్పుతుంది.

మిగతావి గబగబా. మన ఊళ్లలో పొమేరియన్ అని అమ్మేది ఎక్కువగా ఇండియన్ స్పిట్జ్. ఎండకు పొమేరియన్ కంటే బాగా తట్టుకుంటుంది, కానీ అరుపు ఎక్కువ, ఎముకలు సన్నం. అయిదేళ్ల పిల్లాడు ఎత్తుకుని జారవిడిస్తే కాలు విరుగుతుంది, ఆ నొప్పికి కరుస్తుంది. బీగిల్ చిన్నదే గానీ వాసన పట్టుకుంటే పిలుపు వినదు, గేటు సందు దొరికితే కాలువ గట్టు దాకా పోతుంది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ వేటకుక్కలు, పరుగుకి పుట్టినవి. పక్కింటి కోళ్లనూ బాతులనూ చూసి ఆగమంటే ఆగవు. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వైలర్ అనుభవం ఉన్న చేతికి గానీ మొదటి కుక్కగా కాదు. రాట్‌వైలర్, పిట్‌బుల్ సహా 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. చట్టం ఎటు తేలినా, అయిదేళ్ల పిల్లాడున్న ఇంట్లో తొలిసారి కుక్కను పెంచేవాళ్లకు ఆ జాతులు తగవు.

నాటుకుక్క పేరు చెప్పగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. ఆ చిన్నచూపు నాకు నచ్చదు. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, 15 నుంచి 20 కిలోల ఒళ్లు, ఈ ఎండకూ తేమకూ తరతరాలుగా అలవాటైన శరీరం. తుంటి కీళ్ల జబ్బులు అరుదు. బాగా చూసుకుంటే పదమూడు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. లోపాలూ ఉన్నాయి: కొత్తవాళ్లను వెంటనే నమ్మదు, రాత్రి చప్పుడైతే మొరుగుతుంది, ల్యాబ్‌లా ఎవరి ఒళ్లోనైనా వాలిపోదు.

పెద్ద కుక్కను ఎంచుకునేటప్పుడు ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది కీలకం. వీధిలోంచి నేరుగా పట్టుకొచ్చి పిల్లల మధ్య వదలకండి. ఎవరైనా ఇంట్లో ఉంచి సాకుతున్న కుక్క అయితే దాని నడత వాళ్లకు తెలుస్తుంది. కనీసం మూడుసార్లు, వేర్వేరు వేళల్లో, పిల్లలతో కలిసి వెళ్లి చూడండి. పిల్లలను కదలకుండా కూర్చోబెట్టండి. కుక్క తనంతట తాను వదులుగా, నడుమంతా ఊపుతూ దగ్గరికొస్తే మంచి గుర్తు. తోక ఊపుతున్నా ఒళ్లు బిగబట్టి ఉంటే కాదు. సాకేవాళ్లను చెవులు, పాదాలు, పొట్ట నిమిరి చూపించమనండి. ఒక గిన్నె కింద పడేయండి: ఉలిక్కిపడినా పది సెకన్లలో తేరుకుని వాసన చూడ్డానికి వస్తే పర్వాలేదు, మంచం కిందకి దూరి అరగంట బయటికి రాకపోతే పిల్లల గోల ఉన్న ఇంటికి అది నప్పదు. తింటుంటే గిన్నె లాగి పరీక్షించకండి, లేని గుణం నేర్పినట్టవుతుంది. ఒక నెల ఉంచుకుని చూస్తామని వాళ్లతో ముందే మాట్లాడుకోండి. మొదటి మూడు రోజులు బెదురుగా ఉంటుంది, అసలు గుణం మూడో వారానికి గానీ బయటపడదు.

కుక్కపిల్లనే తెచ్చుకుంటే ఎనిమిది వారాలు నిండకుండా తేకండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాలూ ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదనే చెప్తున్నాయి. మన దగ్గర ముప్ఫై, నలభై రోజులకే ఇచ్చేస్తారు, ముద్దుగా ఉందని మనం తెచ్చేసుకుంటాం. తల్లీ తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది అరుస్తుందో పిల్ల నేర్చుకునే వారాలు అవే. ఆ పాఠం తప్పిన పిల్ల మీ బాబు చేతుల మీద నేర్చుకుంటుంది. కుక్కపిల్లలకు చేసే రకరకాల స్వభావ పరీక్షల గురించి వింటారు గానీ, ఎనిమిది వారాలప్పుడు చేసే పరీక్ష పెద్దయ్యాక గుణాన్ని గట్టిగా చెప్పలేదు. తల్లిని చూడటం దానికంటే నమ్మకమైనది. తల్లి మనిషిని చూసి కొరకొరలాడితే ఆ ఈతలో పిల్ల వద్దు. ఒంటి మీద చూడాల్సినవి: చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, తెల్లగా పాలిపోతే నులిపురుగులో గోమార్లో (కొందరు పిడుదులంటారు) రక్తం తాగుతున్నట్టు. ఒళ్లు బక్కగా, పొట్ట మాత్రం డప్పులా ఉంటే పురుగులే. కంట్లో పుసి, ముక్కు కారడం, నీళ్ల విరేచనం ఉంటే జాలిపడి తెచ్చుకోకండి, ముందు పశువుల డాక్టరుకు చూపించమనండి. జాతి కుక్క కొనేటప్పుడు కెన్నెల్ క్లబ్ కాగితాలు వంశం మాత్రమే చెప్తాయి, ఆరోగ్యం చెప్పవు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగండి.

టీకాల్లో జనం ఎక్కువగా తప్పు చేసేది ఒకటే: మొదటి డోసు వేయించి, అయిపోయిందనుకోవడం. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పట్టదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తూనే ఉండాలి. మధ్యలో ఆపితే పార్వో అనే వైరస్ జబ్బు రావచ్చు. వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల పోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఇంతకు ముందు మీ పెరట్లో కుక్కపిల్ల అలా చనిపోయి ఉంటే ఏడాది దాకా ఇంకో పిల్లను తేవద్దు. రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే, ఆ తర్వాత ఏటా. ఏటా జులై 6న, పాశ్చర్ 1885లో మనిషికి తొలి రేబిస్ టీకా వేసిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. నులిపురుగుల మందు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి.

మన డెల్టాకు ప్రత్యేకంగా ఇంకో టీకా ముఖ్యం, లెప్టోస్పైరా. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి నుంచి వచ్చే జబ్బు, మనుషులకూ వస్తుంది. చుట్టూ వరిచేలు, చెరువులు, వానాకాలంలో వీధిలో నిలిచే నీళ్లు. మీరు వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో సీసా మీద చూపించమని అడగండి, ఏటా తప్పక వేయించండి. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు చేల నుంచి ఎలుకలు ఇళ్లకు వస్తాయి, వాటి వెనక పాములు వస్తాయి. పొలంగట్ల మీద ఎలుకల మందు పెట్టే రోజుల్లో కుక్కను తాడు లేకుండా వదలకండి. మందు తిన్న ఎలుకను తిన్నా ప్రమాదమే. కుక్క మూతి ఉన్నట్టుండి వాచిపోతే పాముకాటని అనుమానించి, నడిపించకుండా ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గోమార్లు మన తేమలో ఏడాదంతా ఉంటాయి. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ బీటల్లో, మంచం కోళ్ల సందుల్లో గుడ్లు పెట్టుకుని ఉంటాయి. కుక్కకు ఒక్కదానికే మందు వేసి మళ్లీ వచ్చాయేంటని విసుక్కోవడం ఇందుకే. బీటలు సిమెంటుతో పూడ్చి సున్నం వేయించండి. కుక్కకు బరువును బట్టి నెలకోసారి, లేదా పన్నెండు వారాలకోసారి ఇచ్చే బిళ్లలున్నాయి. గేదెల మీద కొట్టే గోమారి మందు కుక్క మీద అంచనాగా పోయకండి, మోతాదు తప్పితే ఫిట్స్ వస్తాయి. రెండు రోజులు తిండి మానేసి, జ్వరం, పాలిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే అది గోమారి జ్వరం కావచ్చు. వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

తిండి ఖర్చు ముందే లెక్కేసుకోండి. 15 కిలోల పెద్ద కుక్కకు ప్యాకెట్ తిండి రోజుకు 200 నుంచి 250 గ్రాములు, అంటే నెలకు ఆరేడు కిలోలు. 30 కిలోల ల్యాబ్‌కు పది పన్నెండు కిలోలు. మీ ఊరి ధరతో హెచ్చించి చూసుకోండి. ఇంటి తిండే పెడతామంటే ఆ 15 కిలోల కుక్కకు రోజుకు 300 గ్రాముల అన్నం, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం గానీ చేప గానీ 200 గ్రాములు, ఒక గుడ్డు, కాస్త గుమ్మడి, అర టీస్పూను మెత్తటి గుడ్డుపెంకు పొడి. ఉప్పు, కారం, ఉల్లి, మసాలా లేకుండా. ఉత్త పెరుగన్నం మీద పెరిగిన కుక్కకు కండ పట్టదు, బొచ్చు రాలుతుంది. ప్యాకెట్ తిండి తినే పిల్లకు పైనుంచి కాల్షియం టానిక్ పోయకండి, పెద్ద జాతుల్లో ఎముకలు వంకరపోతాయి. చేపల పులుసులో ఉల్లి, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్ మూడూ కుక్కకు విషమే. వేసవిలో ఇంకొకటి మర్చిపోకండి, మామిడి టెంక. పిల్లలు చీకి పారేస్తారు, కుక్క మింగేస్తుంది, పేగుకు అడ్డం పడితే కోసి తీయాల్సిందే.

ఎండాకాలం నడక పొద్దున్న ఆరున్నర లోపు, రాత్రి ఏడు తర్వాత. తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనలేవు. ఆగకుండా వగరుస్తూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బ. కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లండి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు పిల్లల సంగతి. కుక్క మంచిదైనా సరే, అయిదేళ్ల బాబును దానితో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకండి. చిన్నపిల్లలను తెలిసిన కుక్క కూడా కరుస్తుంది, గాయం చాలాసార్లు ముఖం మీదే అవుతుంది, ఎందుకంటే వాళ్ల ముఖం దాని నోటి ఎత్తులో ఉంటుంది. బాబుకి నాలుగు మాటలు చాలు: తింటుంటే వెళ్లకు, పడుకుంటే లేపకు, మెడ కావలించుకోకు, మీద ఎక్కకు. పెద్దవాళ్లకు ఇంకొకటి తెలియాలి. కుక్క కరిచే ముందు చాలాసేపు చెప్తుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది, ఆకలి లేకుండా పెదాలు నాకుతుంది, నిద్ర రాకుండా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, ఆ తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది. పాప తిండి కొలిచి పెట్టగలదు, నీళ్లు మార్చగలదు, దువ్వగలదు. రోడ్డు మీద తాడు పట్టుకుని ఒక్కతే నడిపించలేదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. పాప నో అని, బాబు ఏయ్ అని, నాయనమ్మగారు ఛీ పో అంటే కుక్కకు ఏదీ బోధపడదు. రా, కూర్చో, వదిలెయ్, ఈ మూడూ తెలుగులోనే నేర్పండి.

పన్ను గీసినా, గోరు చీరినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) కూడా కావాలని అడగండి. మన కుక్కకు టీకా ఉందిగా అని ఆగకండి. డాక్టరుకు ఆ సంగతి చెప్పి, కుక్కను పది రోజులు కళ్లెదుట ఉంచుకోండి.

వేసవి సెలవుల్లో వద్దని ఎందుకన్నానంటే, ఏప్రిల్ చివర తెచ్చిన పిల్లకు టీకాలు పూర్తికాకుండానే ఎండలు ముదురుతాయి, ఇంటి నిండా జనానికి అలవాటు పడేసరికి జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ దిగులుకే చెప్పులు కొరుకుతుంది, రోజంతా ఏడుస్తుంది. నాటుకుక్కల లెక్క మన క్యాలెండరుకు చక్కగా కుదురుతుంది. చిత్తకార్తెలో, అంటే అక్టోబరులో జతకడతాయి. 63 రోజులకు, డిసెంబరు మధ్యలో ఈనుతాయి. సంక్రాంతికి వెళ్లి తల్లినీ పిల్లల్నీ చూసి రండి, అప్పటికి వాటికి నెల. ఫిబ్రవరి రెండో వారానికి ఎనిమిది వారాలు నిండుతాయి. అప్పుడు తెచ్చుకుని మొదటి డోసు వేయించండి, మీ ఇద్దరిలో ఒకరు వారం రోజులు సెలవు పెట్టండి. మార్చి రెండో వారంలో రెండో డోసు, రేబిస్ టీకా. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నాలు పాప నాయనమ్మగారికి తోడుంటుంది. ఏప్రిల్ రెండో వారంలో మూడో డోసు. సెలవులు ఇచ్చేసరికి పిల్ల పొద్దున్నే కాలువ గట్టు మీద మీతో నడవగలదు. బడులు తెరిచే నాటికి దానికి ఆరు నెలలు, పగలు నాలుగైదు గంటలు ఆపుకోగలదు. ఆపరేషన్ ఏ నెలలో చేయించాలో అప్పటి బరువు చూసి డాక్టరును అడగండి. ఎటూ మళ్లీ చిత్తకార్తె రాకముందే అయిపోవాలి.